మంచు కరిగేదాకా గింజలు

నవంబరు 30

నా కాలిని దిండ్ల మీదికెత్తి, నన్ను వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి రైయా అక్క వెళ్ళిపోయింది. వారం రోజులు నాతో ఉంది. అల్మరాలన్నీ తనకు నచ్చినట్టు సర్దింది. ఇప్పుడు నాకు కాఫీపొడి డబ్బా తప్ప ఏదీ దొరకడం లేదు. పాపం, మంచిదే.

వెళ్తూ వెళ్తూ మళ్ళీ అదే పాట.

"అరవై దాటాక కట్టెల కొట్టం ఎక్కి మంచు తోసే ఆడదాన్ని నిన్నే చూశానే పిర్కో."

"తియ్యకపోతే కప్పు కూలిపోతుందక్కా."

"కప్పు నిక్షేపంలా ఉంది. కూలింది నువ్వు."

వాళ్ళ బిల్డింగులో మూడో అంతస్తు ఫ్లాటు ఖాళీ అయిందట. లిఫ్టు ఉందట, కింద దుకాణం ఉందట. ఈస్టరు దాకా ఆగుతామన్నారట. "ఇక్కడ నీకెవరున్నారే?" అంది. ఎవరున్నారేమిటి, మైరె ఉంది, చర్చి పాటల బృందం ఉంది, ఇరవై ఏడేళ్ళు నా చేతి బఠానీ సూపు తాగిన బడి పిల్లలంతా ఈ ఊళ్ళోనే ఉన్నారు అన్నాను. "సరే, ఈ చలికాలంలో ఎంతమంది వచ్చి పలకరిస్తారో చూద్దాం" అంది.

చూద్దాం. ఊరికి నేను కావాలో అక్కర్లేదో ఈస్టరులోగా తేలిపోతుంది. కావాలనే తేలుతుంది, అందులో అనుమానం లేదు. అక్కర్లేదని తేలితే మాత్రం అక్క ఉండే కువొపియో వెళ్ళిపోతాను. అక్కతో పందెం కాసినట్టే అనుకోవాలి.

ఆ బిల్డింగులో బాల్కనీలో పిట్టలకు గింజలు పెట్టకూడదట, ఎలుకలొస్తాయని. ఈ ముక్క నేను గుచ్చి గుచ్చి అడిగితేగానీ చెప్పలేదు.

అక్క కొడుకు ఆర్తో తన పాత కెమెరా పంపాడు. మోచేయంత పొడుగు లెన్సు. "పిన్నీ, కప్పులెక్కకుండా కూర్చునే పని" అని చీటీ.

డిసెంబరు 3

మొదటి రోజు తీసిన ఫొటోలన్నిటిలోనూ ఉన్నది నేనే. ఎర్ర నైటీ, చెదిరిన జుట్టు, వెనకాల దీపం. కిటికీ అద్దంలో ప్రతిబింబం. పిట్ట ఎక్కడో నా చెవి దగ్గర చిన్న మరకలా ఉంది.

ఆర్తోకి ఫోను చేస్తే గదిలో దీపం ఆర్పేయమన్నాడు. ఆర్పేశాను. ఇప్పుడు పది నుంచి రెండింటిదాకా, బయట కాస్త వెలుతురున్నంత సేపూ, చీకటి వంటింట్లో కెమెరా పట్టుకుని దొంగలా కూర్చుంటున్నాను. నల్లటి చొక్కా వేసుకున్నాను. బాగానే వస్తున్నాయి.

డిసెంబరు 6

మా దేశ స్వాతంత్ర్య దినం. ఆనవాయితీ ప్రకారం సాయంత్రం కిటికీలో రెండు కొవ్వొత్తులు పెట్టాను.

డిసెంబరు 9

గింజల పెట్టె ఖాళీ. పసుపు రొమ్ము పిట్ట ఒకటి పెట్టె అంచున కూర్చుని, లోపలికి తల పెట్టి చూసి, తర్వాత తిన్నగా నా కిటికీ వైపు చూసింది. దాని రొమ్ము మీద నల్లటి టై ఉంటుంది. బ్యాంకు మేనేజరు అప్పు ఎప్పుడు కడతారని అడిగినట్టుంది ఆ చూపు. నాకు ఏడుపొచ్చింది. చంకకర్రల మీద గుమ్మందాకా వెళ్ళాను, మెట్ల మీద గాజులా గడ్డకట్టిన మంచు చూసి వెనక్కి వచ్చాను.

పదకొండింటికి తౌనో వచ్చాడు. రోడ్డుకి అవతలి ఇల్లు. అడవిలో చెట్లు కోసే యంత్రం నడిపి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, మా ఆయన పెంటి పోయిన మరుసటేడే. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఎదురింట్లోనే చూస్తున్నాను. ఇన్నేళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఈ డైరీలో ఒక పేజీ నిండదు.

గుమ్మంలోనే నిలబడి గింజల పెట్టె వైపు చూశాడు.

"మొదలుపెట్టేశావా?"

"అక్టోబరులోనే."

"అయితే ఆపకూడదు."

"నాకు తెలీదా? కాలు చూశావుగా."

"ఊఁ."

ఇక్కడ పసిపిల్లకైనా తెలుసు. ఒకసారి పెట్టడం మొదలుపెడితే పిట్టలు ఆ పెరడునే నమ్ముకుంటాయి, ఇంకో చోటు వెతుక్కోవు. నడిచలిలో ఆపితే వాటిని చంపినట్టే. మంచు కరిగేదాకా పెట్టాల్సిందే. తౌనో కొట్టంలోంచి పొద్దుతిరుగుడు గింజల బస్తా భుజాన వేసుకొచ్చి పెట్టె నింపాడు. పంది కొవ్వు ముద్ద చెట్టుకు కట్టాడు. మెట్ల మీద మంచు ఊడ్చాడు. కాఫీ ఇచ్చాను, తాగాడు. "రేపొస్తా" అన్నాడు.

ఆయన వచ్చేది పిట్టల కోసం. ఎవరి పెరట్లో పిట్టలైనా అంతే.

డిసెంబరు 15

ఇవాళ బాగా వచ్చినవి: నల్లటోపీ చిట్టిపిట్ట గింజను కాళ్ళ మధ్య పట్టుకుని కొడుతున్నది ఒకటి. వడ్రంగి పిట్ట కొవ్వు ముద్ద మీద వేలాడుతున్నది ఒకటి. పెట్టె నింపుతున్న తౌనో వీపు, దాని వెనక ఎగిరిపోతున్న రెండు పిట్టలు. ఈ చివరి దానిలో పిట్టలు మసక, వీపు స్పష్టంగా ఉంది. ఫోకసు తప్పింది.

గుమ్మం తలుపు పక్క నిలువుగా ఒక కర్ర అడ్డం పడుతోంది ప్రతి ఫొటోలోనూ. తౌనో మెట్లు ఊడ్చి ఆనించి పోయే చీపురు. వేరేచోట పెట్టమని చెప్పాలి. కానీ నల్లటోపీ గాడు దాని కొనమీద వాలుతున్నాడు, కిటికీకి అది బాగా దగ్గర. ఉండనీ.

డిసెంబరు 18

ఎవరూ రాలేదు. చర్చిలో క్రిస్మస్ పాటల సాధన జరుగుతుంటుంది, తీరిక ఉండదు.

డిసెంబరు 21

ఎవరూ రాలేదు. మైరె రాకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. బడి వంటింట్లో నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చిన మనిషి. నేను మాత్రం ఫోను చెయ్యను. రావాలనుకున్నవాళ్ళు వస్తారు.

డిసెంబరు 24

తౌనో పొద్దున్నే ఓట్స్ కంకుల కట్ట తెచ్చి వాకిట్లో గుంజకు కట్టాడు. ఎర్రరొమ్ము పిట్టలు పది నిమిషాల్లో దిగాయి. లావుగా, నింపాదిగా, బిషప్పులు విందుకు కూర్చున్నట్టు. నేను కెమెరా తీసేలోగా తౌనో కిటికీ దగ్గరికొచ్చి బొటనవేలు ఎత్తి చూపించాడు, అన్నీ ఎగిరిపోయాయి.

"తీశావా?" అన్నాడు లోపలికొచ్చి.

"నీ బొటనవేలు తీశాను."

"ఊఁ. పర్లేదు, మళ్ళీ వస్తాయి."

టర్నిప్ దుంపల వంటకం తనే చేసుకొచ్చాడు, పళ్ళెం నిండా. పైన మాడింది, లోపల ఉడకలేదు. ఇరవై ఏడేళ్ళు బడికి వండిన దాన్ని, ఆ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో నాకిప్పటికీ అంతు పట్టదు. రెండోసారి కూడా పెట్టుకుని తిన్నాను.

మైరె రాలేదు. క్రిస్మస్‌కి కూడా.

జనవరి 8

సున్నాకి కింద ముప్పై నాలుగు. పిట్టలు ఉన్ని బంతుల్లా ఉబ్బి కూర్చున్నాయి. తౌనో కనురెప్పల మీద మంచు. "ఇవాళ రాకపోతే ఏం?" అన్నాను. నన్ను చూసిన తీరు చూస్తే, ఊపిరి తీసుకోవడం మానేస్తే ఏం అని అడిగినట్టుంది.

ఆయన కాఫీ తాగేటప్పుడు కుర్చీ కిటికీకి ఈ పక్క వేస్తున్నాను. అటుపక్క గాలి కొడుతుంది. నా కుర్చీ కూడా అందుకే ఈ పక్కకి జరిపాను.

జనవరి, చివరి ఆదివారం

దేశమంతా పెరట్లో పిట్టలు లెక్కపెట్టే రోజు. ఒక గంట కూర్చుని చూసిందంతా రాయాలి. తౌనో గడియారం తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఒలింపిక్స్‌కి వచ్చినట్టు.

"పసుపు రొమ్ములు తొమ్మిది," అన్నాను.

"ఏడు."

"తొమ్మిది తౌనో! పెట్టె మీద ఏడు, ఆపిల్ చెట్టు మీద రెండు."

"ఆ రెండూ ఈ ఏడులోవే. ఇక్కడ తిని అక్కడికెళ్ళాయి."

"మొహాలు గుర్తుపడతావా ఏంటి?"

"ఒకదాని తోక వంకర."

ఒకేసారి కంటికి కనిపించినవే లెక్కలోకి వస్తాయని నియమం. ఆయన చెప్పిందే సరైనది, ఒప్పుకోలేదు నేను. ఎనిమిది రాశాం. ఇద్దరం కలిసి దేశాన్ని మోసం చేశాం. గంట అయ్యాక కూడా కూర్చున్నాడు, మళ్ళీ లెక్కపెడదాం అని. లెక్క రాయలేదు మరి.

వెళ్ళాక గమనించాను, గడియారం మర్చిపోయాడు. ఎదురింట్లోంచి వచ్చి తీసుకెళ్ళడానికి అరనిమిషం. రేపు తీసుకుంటాడులే.

ఫిబ్రవరి 6

పిండికట్టు విప్పారు. తౌనో కారులో తీసుకెళ్ళాడు. కాలు తెల్లగా, సన్నగా, ఎవరిదో కాలిలా ఉంది. ఎముక చక్కగా అతికిందట, మెల్లగా నడవడం మొదలుపెట్టమన్నాడు డాక్టరు. జాగ్రత్త అని కూడా అన్నాడు.

దారిలో తౌనో అడిగాడు. "ఏమన్నాడు?"

"జాగ్రత్తగా ఉండాలన్నాడు."

"కర్రలు?"

"జాగ్రత్త అంటే కర్రలేగా."

అది నిజమే. వైద్యులు అన్నీ విడమర్చి చెప్పరు.

ఫిబ్రవరి 11

ఇవాళ కర్రలు లేకుండా వంటింట్లోంచి పడగ్గదికి, పడగ్గదిలోంచి ఆవిరిగదికి నడిచాను. చిన్నప్పుడు నేర్చుకున్నట్టు గోడ పట్టుకుని. ఆవిరిగదిలో రాళ్ళమీద నీళ్ళు చల్లి, ఇన్నాళ్ళ తర్వాత ఒళ్ళంతా చెమట పట్టేదాకా కూర్చున్నాను. ఆనందంతో పాడాను కూడా.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తే కర్రలు అందుకున్నాను. మెట్లు జారుడుగా ఉంటాయి కదా, పెట్టె దాకా నేను వెళ్ళడం మంచిది కాదు. తొందరపాటు పనికిరాదు.

ఫిబ్రవరి 14

ఒక్కరు కూడా రాలేదు. ఇన్ని వారాలు. నేను ఎవరింట్లో బారసాలకి బన్నులు చెయ్యలేదు? ఎవరి చావుకి కాఫీ కాచలేదు?

ఇవాళ కిటికీలోంచి మైరె మంచుబండి తోసుకుంటూ గేటు దాకా రావడం చూశాను. నిజం. గేటు దగ్గర ఆగింది, ఇంటివైపు చూసింది, బండి తిప్పుకుని పోయింది. నేను చీకట్లో కూర్చుని చూస్తూనే ఉన్నాను. పిలవలేదు. పిలిచి ఏం లాభం, చూసి కూడా పోయిన మనిషిని.

ఫిబ్రవరి 16

అక్కకి ఫోను చేశాను. ఫ్లాటు తీసుకుంటానని చెప్పాను.

"నిజంగానా? పిర్కో, నిజంగానా?" అని అక్క ఏడ్చినంత పని చేసింది. "ఈస్టరు వారం లారీ మాట్లాడతా. నీ పువ్వుల కుండీలన్నీ పడతాయే ఇక్కడ. లిఫ్టులో మనిద్దరం రాణుల్లా కిందికీ పైకీ తిరుగుదాం."

నిర్ణయం అయిపోయింది. హాయిగా ఉంది. పందెం అక్క గెలిచింది, అంతే. హాయిగానే ఉంది.

తౌనోకి ఇంకా చెప్పలేదు. సమయం చూసి చెప్పాలి. పిట్టలకు ఎవరు పెడతారన్న ప్రశ్న కూడా ఉంది.

ఫిబ్రవరి 19

కూకెలి! నా పెరట్లో కూకెలి!

అది అడవిలో నిప్పు వేసుకుని రొట్టె తినేవాళ్ళ దగ్గరికి వచ్చే పిట్ట. ఇళ్ళ దగ్గరికి రాదు. చూసిన వాళ్ళకు అదృష్టం అంటారు. తుప్పు రంగు తోక విసనకర్రలా విప్పి, చప్పుడు లేకుండా ఎక్కడి నుంచో దిగి, తలుపు పక్క ఆ చీపురు కర్ర కొనమీద కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టాను. లెన్సు కదలకుండా మోచేతులు బల్లకి ఆనించి వరసగా నొక్కాను.

ఒకటి వచ్చింది. కంటిలో మెరుపు కూడా పడింది. నా జన్మలో ఇంత మంచి ఫొటో తియ్యలేదు. తౌనోకి చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"నలభై ఏళ్ళు అడవిలో ఉన్నా. ఇంత దగ్గరగా చూళ్ళేదు," అన్నాడు. ఒక్క ఊపిరిలో అంత పొడుగు మాట. తర్వాత అలసిపోయినట్టు రెండు కప్పులు కాఫీ తాగాడు.

స్థానిక పత్రికకి పంపమని ఆయనే అన్నాడు. పంపాను.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మార్చి 4

పత్రికలో వేశారు. చివరి పేజీలో, అరచెయ్యంత పెద్దగా, రంగుల్లో. కింద నా పేరు, "తన వంటింటి కిటికీలోంచి తీసిన చిత్రం" అని.

పొద్దున్న తొమ్మిదింటికి పత్రిక ఇళ్ళకు చేరింది. పది కాకముందే మైరె తలుపు ధడాలున తెరుచుకుని వచ్చింది. బూట్లతోనే. చేతిలో పత్రిక.

"ఒసేయ్ పిర్కో! నువ్వు ఇంట్లోనే ఉన్నావా?"

"ఎక్కడుంటాను? కాలు విరిగింది నాకు. నీకు కాదుగా విరిగింది, వచ్చి చూడలేకపోయావా?" అన్నాను. ఇన్నాళ్ళ కోపం ఒక్కసారిగా వచ్చేసింది.

"మూడుసార్లు వచ్చానే! మొన్న ఫిబ్రవరిలో కూడా వచ్చా! వచ్చినప్పుడల్లా తలుపుకి చీపురు ఆనించి ఉంది! వంటింట్లో దీపం లేదు! ఏమనుకోవాలి నేను?" అని పత్రికలో ఆ కర్రమీద వేలితో పొడిచింది. "ఇదిగో, చూడు, నీ ఫొటోలోనే ఉంది! చీపురు!"

నేను చూశాను. కూకెలి కాళ్ళ కింద, తలుపుకు ఆనించి, నిలువుగా, చీపురు.

మా అమ్మ పక్కింటికి పాలకు వెళ్ళినా తలుపుకు చీపురు ఆనించి వెళ్ళేది. తాళం వేసేది కాదు. చీపురు కనిపిస్తే ఇంట్లో ఎవరూ లేరని, మర్యాద తెలిసినవాడెవడూ తలుపు తట్టడు. అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన దాన్ని. చలికాలమంతా దాన్ని పిట్ట కూర్చునే కొమ్మగానే చూశాను. కర్ర కొన చూశాను, కిందికి చూడలేదు.

"పొయ్యి పొగ కనిపించలేదా?"

"కనిపించింది. పైపులు గడ్డకట్టకుండా తౌనో పొయ్యి వెలిగిస్తున్నాడనుకున్నాం. దుకాణంలో అడిగా కూడా, పిర్కో అక్క దగ్గరికి వెళ్ళిందా అని. ఊఁ అన్నాడు."

"ఆ మనిషి దేనికైనా ఊఁ అనే అంటాడే!"

"నాకేం తెలుసు? చెప్పకుండా వెళ్ళిపోయిందే, నలభై ఏళ్ళ స్నేహానికి ఇదా విలువ అని నేను కుమిలిపోయాను. ఫోను కూడా చెయ్యకూడదనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా!"

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. తర్వాత నవ్వాం. మైరె నవ్వితే ఇల్లు ఊగుతుంది. ఆపిల్ చెట్టు మీద పిట్టలన్నీ లేచిపోయాయి. కాఫీ కాచాను, మూడు కప్పులు తాగింది, ఊళ్ళో ఇన్నాళ్ళ కబుర్లన్నీ ఒకే విడతలో చెప్పింది. నేను కర్రలు లేకుండా తిరగడం చూసి, "కాలు బాగుపడిందే!" అంది. మెల్లగా బాగుపడుతోంది అన్నాను.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "అదిసరే, ఈ చీపురు ఇక్కడ రోజూ ఎవరు పెడుతున్నారు?" అంది.



మార్చి 5

తౌనో వచ్చాడు. పెట్టె నింపాడు. మెట్లు ఊడ్చాడు. చీపురు తలుపుకు ఆనించబోయాడు. నేను తలుపు తెరిచాను. ఆయన చేతిలో చీపురు, నా చేతిలో పత్రిక.

"తెలిసే పెట్టావా?" అన్నాను.

టోపీ తీశాడు.

"మొదటిరోజు తెలీకుండా."

"తర్వాత?"

"తర్వాత మైరె గేటు దాకా వచ్చి పోవడం చూశా. పిలవాల్సింది." ఆగాడు. "పిలవలేదు."

"ఎందుకు?"

"ఆమె వస్తే సాయంత్రం దాకా పోదు."

"అయితే?"

"నాకు కాఫీ ఉండదు."

నవ్వొచ్చేదే. ఇంకోరోజయితే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. కానీ నిన్నటి నుంచి నా గుండెలో ఉన్నది వేరు.

"తౌనో, ఈ ఊళ్ళో నేను ఎవరికీ అక్కర్లేదనుకున్నా. ఒక్కరూ రాలేదని అక్కకి ఫోను చేసి వచ్చేస్తున్నానని చెప్పేశా. ఈస్టరు వారం లారీ వస్తోంది. నీ కాఫీ కోసం నన్ను ఊళ్ళోంచే పంపేశావు."

ఆయన మొహం చూడలేకపోయాను. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చీపురు చేతిలోనే ఉంది, దాన్ని కూడా పట్టుకుపోయాడు.

మార్చి 9

పెట్టె నిండి ఉంది. ఎప్పుడొస్తున్నాడో తెలియదు, నేను లేచేలోగా వచ్చి పోతున్నాడు. మంచులో అడుగులు మాత్రం ఉన్నాయి, రావడం ఒక వరస, పోవడం ఒక వరస. కాఫీ ఇద్దరికి సరిపడా కాచి ఒలకబోశాను. అలవాటు.

పిట్టలు బాగున్నాయి. వెలుతురు కూడా పెరిగింది. ఫొటోలు తియ్యలేదు.

మార్చి 12

ఇల్లు నిండిపోయింది. పాటల బృందం మొత్తం వచ్చింది, బన్నులూ, చేప సూపూ, పూలకుండీ పట్టుకుని. చర్చి పాస్టరమ్మ వచ్చింది. నా సూపు తాగి పెరిగిన ఇద్దరు తమ పిల్లలను కూడా తెచ్చారు. కూర్చోడానికి కుర్చీలు చాలక కొయ్యపెట్టెల మీద కూర్చున్నారు. నా నలభై ఫొటోలూ గోడకి అంటించి ఒక్కొక్కటి చూశారు.

"పిట్టలెంత బాగున్నాయో, తౌనో కూడా అంత బాగున్నాడే," అంది మైరె గోడ ముందు నిలబడి. "దీనిలో వీపు, దీనిలో టోపీ, దీనిలో పక్కనుంచి. ఇది పిట్టల ప్రదర్శనేనా?"

అందరూ నవ్వారు. నా చెవులు కాలాయి.

"మీ అందరికీ ఎవరు చెప్పారు నేనిక్కడే ఉన్నానని? పత్రికేనా?"

"పత్రిక చూసి వచ్చింది నేనొక్కదాన్నే. వీళ్ళకి తౌనో చెప్పాడు." మైరె కళ్ళు పెద్దవి చేసింది. "ఇల్లిల్లూ తిరిగాడే. తలుపు తట్టి, టోపీ చేతిలో పట్టుకుని, 'పిర్కో ఇంట్లోనే ఉంది, చీపురు పెట్టింది నేను, తప్పు నాది, వెళ్ళి చూడండి' అని. ప్రతి ఇంట్లోనూ! అతను అన్నేసి మాటలు మాట్లాడ్డం ఈ ఊళ్ళో ఎవరూ వినలేదు. కేర్తు ముసలమ్మయితే ఎవరో పోయారేమో చెప్పడానికొచ్చాడనుకుని కుర్చీలో కూలబడిందిట."

అందరూ మళ్ళీ నవ్వారు. నేను కాఫీ తేవడానికని వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉన్నాను.

ఊరికి నేను కావాలి. తేలిపోయింది. కానీ సంతోషం పూర్తిగా రావడం లేదు. ఇంటినిండా ఇంతమంది ఉంటే, లేని ఒక్కడి కోసం కిటికీలోంచి చూస్తున్నాను.

మార్చి 13

వెళ్ళాను. కర్రలు లేకుండా. రోడ్డు దాటి, ఆయన వాకిలి పొడుగునా, మెల్లగా.

తౌనో కట్టెలు కొడుతున్నాడు. నా మొహం చూళ్ళేదు ముందు, కాళ్ళు చూశాడు.

"కర్రలేవి?"

"అక్కర్లేదు."

"ఎప్పట్నుంచి?"

ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. "కట్టు విప్పిన వారంలోనే. నువ్వు రావడం మానేస్తావని పట్టుకుని తిరిగా."

గొడ్డలి మొద్దులో దిగేసి నిలబడ్డాడు. ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే చూడటం తప్ప ఏమీ చెయ్యలేం. తర్వాత నవ్వాడు. తౌనో నవ్వు నేనెప్పుడూ వినలేదు, ఏదో తలుపు చాలా ఏళ్ళ తర్వాత తెరిచినట్టు కిర్రుమంటూ వచ్చింది.

"ఇద్దరం దొంగలమే," అన్నాడు.

"నువ్వు పెద్ద దొంగవి."

"ఊఁ."

చలిగా ఉంది, కాలు లాగుతోంది. నేను కదల్లేదు. ఇక్కడిదాకా నడిచింది నేను. ఇక ఆయన వంతు.

"లారీ ఎప్పుడు?" అన్నాడు చివరికి.

"ఈస్టరు వారం."

"వెళ్ళకు."

"ఎందుకు?"

"పిట్టలు..."

"పిట్టల సంగతి వదిలెయ్, తౌనో. పిట్టలకు ఎవరు పెట్టినా తింటాయి."

ఆయన ఉన్ని చేతి తొడుగులు తీశాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, చలికి కాదు.

"నాకు బాగుండదు. నువ్వు లేకపోతే," అన్నాడు. "నాకు. పిట్టలకి కాదు."

ఆ మాట విన్నాక నాకు కళ్ళు చెమర్చాయి, ఆ చలిలో రెప్పలు అంటుకుపోయాయి. ఆయన లోపలికి తీసుకెళ్ళి కాఫీ కాచాడు. దారుణంగా ఉంది. అంతా తాగాను.

మార్చి 14

పొద్దున్నే అక్కకి ఫోను చేశాను. లారీ వద్దని చెప్పాను.

"నువ్వే కదే రావాలనుకున్నావు? ఎవరూ రావడం లేదన్నావు?"

"వచ్చారక్కా. ఇల్లు పట్టనంతమంది."

"కాలు విరగ్గొట్టుకున్న మనిషివి. మళ్ళీ కప్పెక్కుతావు. పడతావు. అంత మంచి ఫ్లాటు, లిఫ్టుతో సహా! పిట్టల కోసం వదులుకుంటావా? పిట్టల కోసమా, పిర్కో?"

తౌనో అప్పుడే కిటికీ అవతల పెట్టె నింపుతున్నాడు. పిట్టలు ఆయన టోపీ చుట్టూ ఎగురుతున్నాయి, భయం లేకుండా. కెమెరా బల్లమీదే ఉంది. నేను తియ్యలేదు, చూస్తూ ఉన్నాను.

"పిట్టల కోసం కాదక్కా," అన్నాను.